లాప్‌టాప్ పాసయింది, పిల్ల ఫెయిలయింది

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి తొమ్మిదో ఏడు నడుస్తోంది. నేను అప్పుడు భిలాయి ఉక్కు ప్లాంటులో సరుకుల తనిఖీ విభాగంలో సీనియర్ మేనేజర్‌ని. పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ మార్చిలో మా తెలుగువాళ్ళ సంక్షేమ సంఘం నన్ను ఒక సాంకేతిక కమిటీలో వేసింది. టౌన్‌షిప్ పక్కన కూలీలు ఉండే ఖుర్సీపార్‌లో సంఘం ఆడపిల్లలకు కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపేది. అక్కడి ఇరవై మందికి తక్కువ ధర లాప్‌టాప్‌లు కొనాలి. బజార్లో దొరికేవాటిలో పెట్టిన ధరకు తగినది ఏదో మేం తేల్చాలి. ప్లాంటుకు దీనితో సంబంధం లేదు. కానీ కమిటీలో ముగ్గురమూ ప్లాంటువాళ్ళమే, అలవాట్లూ అక్కడివే.

మా శాఖ పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. అగ్గి ఇటుక దగ్గర్నుంచి చేతి తొడుగు దాకా ప్లాంటులోకి వచ్చే ప్రతి సరుకూ గోదాములోకి వెళ్ళే ముందు మా దగ్గర ఆగుతుంది. ఆర్డరులో రాసిన లక్షణాలతో పోల్చి చూస్తాం. సరిపోతే అంగీకార పత్రం, సరిపోకపోతే తిరస్కరణ మెమో. పత్రం కింద తనిఖీ అధికారి సంతకం లేనిదే స్టోర్సువాళ్ళు మేకు కూడా లోపలికి రానివ్వరు. కొత్తగా చేరిన ప్రతివాడికీ మేం నూరిపోసే సూత్రాలు రెండు. నమూనా మనమే ఏరుకోవాలి, అమ్మేవాడు చేతిలో పెట్టింది పుచ్చుకోకూడదు. వస్తువు ఎక్కడ పనిచేయాలో అక్కడి పరిస్థితిలోనే దాన్ని పరీక్షించాలి. కొలిమిలో పెట్టే ఇటుకను కొలిమి వేడిలో చూస్తాం గానీ నీడపట్టున కూర్చుని తట్టి చూసి బాగుందనం. ఇరవై తొమ్మిదేళ్ళు ఈ పాఠం చెప్పినదాన్ని, తీరా నా వంతు వచ్చేసరికి తప్పాను.

కమిటీకి అధ్యక్షుడు రామలింగం గారు. మిల్లుల విభాగంలో డిప్యూటీ జనరల్ మేనేజర్, నాకంటే ఒక మెట్టు పైన. మూడో మనిషి ప్రభాకర్, కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ విభాగం కుర్రాడు. ఆరు మోడళ్ళు తెప్పించి సెక్టర్ 2లో సంఘం హాల్లో బల్ల మీద వరసగా పెట్టాం. దుకాణదారు పంపిన పెట్టెలు వెనక్కి పంపి, అతని గోదాముకు వెళ్ళి సీలు తీయని పెట్టెలు నేనే ఏరుకొచ్చాను. అప్పుడు నన్ను చూసి నేనే మురిసిపోయాను.

చవక లాప్‌టాప్‌ను తూచడం ఖరీదైనదాన్ని తూచడం కంటే కష్టం. ఖరీదైనదానిలో అన్నీ ఉంటాయి. చవకదానిలో ఏదో ఒకటి కోసేసి ఉంటారు, ఆ కోత ఎక్కడ పడిందో పట్టుకోవడమే తనిఖీ. ఒకదానిలో తెర మరీ చిన్నది, ఎక్సెల్ గళ్ళలో అంకెలు చదవడానికి కళ్ళు చికిలించాలి. ఒకదానిలో మీటలు పలచన, నొక్కితే పక్క మీటలు కూడా ఊగుతాయి. ఒకదానికి ధర తక్కువే కానీ లోపల విండోస్ లేదు, అది వేయించుకునే బాధ కొన్నవాళ్ళది. మూతను రెండేసి వందలసార్లు తెరిచి మూసి కీళ్ళు వదులవుతాయేమో చూశాం. గంటసేపు టైపు చేసి అరచేతి కింద ఎంత వేడెక్కుతుందో చూశాం. ఆరు రోజులు, రోజుకు రెండు గంటలు. మార్కులు వేసి చూస్తే రెండు మోడళ్ళు మిగిలాయి. రెండూ దాదాపు ఒకటే. మొదటిది తేలిక, సన్నగా ముచ్చటగా ఉంది, ధర కాస్త తక్కువ. రెండోది బరువు, వెనకాల బ్యాటరీ ఉబ్బెత్తుగా బయటికి పొడుచుకొచ్చి ఉంది.

మొదటిదాని కాగితంలో బ్యాటరీ ఎదురుగా 'మూడు గంటల వరకు' అని ఉంది. వరకు! ఉక్కు కొనేటప్పుడు ఎవడైనా 'ఇంత బలం వరకు' అని రాసిస్తే ఆ కాగితాన్ని వాడి మొహాన కొట్టేదాన్ని. కనీసం ఎంత అన్నదే మాకు లెక్క. ఆ మాట ఎందుకో నా కంటికి ఆనలేదు. ప్రభాకర్ ఒకసారి బ్యాటరీ మీద కూడా నడిపి చూద్దామా మేడమ్ అన్నాడు. రామలింగం గారు నవ్వేసి, ఇంట్లో పెట్టుకుని చదువుకునే పిల్లలకు బ్యాటరీతో పనేమిటయ్యా, గోడకు ప్లగ్గు ఉంటుందిగా అన్నారు. నేనూ అవునన్నట్టు తలూపాను. ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా ఒక్క తీగ గోడ నుంచి పీకలేదు.

ఎందుకు పీకలేదంటే, టౌన్‌షిప్‌లో మాకు కరెంటు పోదు. మా సెక్టర్లకు కరెంటిచ్చే ఏర్పాటే వేరు. పెళ్ళయి ఆ క్వార్టర్లోకి వచ్చిన దగ్గర్నుంచీ నేను ఇన్వర్టరు మొహం చూడలేదు. ఇంట్లో కొవ్వొత్తి ఎక్కడుందని అడిగితే చెప్పలేను. చేపకు నీళ్ళెంతో మాకు కరెంటు అంత. ముగ్గురం చదువుకున్న బుద్ధిమంతులం, ముగ్గురిలో ఒక్కరికీ మూడు కిలోమీటర్ల అవతలి ఖుర్సీపార్ సంగతి తట్టలేదు. మొదటి మోడల్‌ను పాస్ చేసి సంతకాలు పెట్టాం. ఏప్రిల్లో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు, ఫోటోలు తీశారు, లడ్డూలు తిన్నాం.

లాప్‌టాప్‌తో పాటు ఒక షరతు కూడా పెట్టారు. అందులో ఒక అభ్యాసం ప్రోగ్రాం ఉంది. పాఠం ఒక్కొక్కటి సరిగ్గా గంట. పిల్లలు ఇంటి దగ్గర ఇన్ని పాఠాలు పూర్తి చేయాలి, చేయనివాళ్ళ లాప్‌టాప్ వెనక్కి తీసుకుని సీటు వేరేవాళ్ళకు ఇస్తారు. జూన్ చివర్లో పరీక్ష. రాయ్‌పూర్ కొత్త రాజధాని కదా, ఆఫీసులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. అందులో ఒక ఆఫీసువాళ్ళు ఆ పరీక్షలో నెగ్గినవాళ్ళను డేటా ఎంట్రీ ఉద్యోగాల్లోకి తీసుకుంటామన్నారు. ఇరవై ఇళ్ళలో ఆ ఉద్యోగం మీద ఆశ పెట్టుకుని కూర్చున్నారు.

జూన్ మొదటి వారంలో రామలింగం గారి దగ్గర్నుంచి నాకొక కాగితం వచ్చింది. కొందరు పిల్లలు పాఠాలు పూర్తి చేయడం లేదు, లాప్‌టాప్‌ల మీద సాకులు చెబుతున్నారు, పరికరాల్లో లోపం లేదని ఒక వాక్యం రాసి పంపండి అని. పని తొందరలో ఉన్నాను. 'తనిఖీలో పరికరాలు సంతృప్తికరంగా ఉన్నవి' అని రాసి, సంతకం పెట్టి, వచ్చినవాడి చేతికే ఇచ్చేశాను. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నేను పెట్టిన సంతకాలన్నిటిలో ఆ సంతకమే నాకు ఇప్పటికీ సిగ్గు.

నాలుగో రోజు ఆదివారం. మా క్వార్టరు గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. పేరు రత్నం అని, భర్త ప్లాంటులో కాంట్రాక్టు కూలీ అని, కూతురు సునీత సంఘం కేంద్రంలో చదువుతోందని చెప్పింది. రమ్మన్నా లోపలికి రాలేదు.

"మేడమ్ గోరూ, మా పిల్ల సదవట్లేదని పేరు కొట్టేసినారంట. ఎవులు సెప్పినారని అడిగితే మీ సంతకం సూపించినారు. మీరు మా పిల్లని ఎప్పుడు సూసినారమ్మా?"

పిల్లను నేను ఏమీ అనలేదమ్మా, లాప్‌టాప్ బాగుందని మాత్రమే రాశానన్నాను. "మిసను బాగుంటే మరి తప్పు మా పిల్లదే కదమ్మా, ఆళ్ళు అన్నది అదే" అందావిడ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

చెప్పులేసుకుని స్కూటరు తీశాను. ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని ఖుర్సీపార్ వెళ్ళాను. పక్కనే ఇరవై తొమ్మిదేళ్ళుగా ఉంటూ, ఆ సందుల్లోకి నేను వెళ్ళడం అదే మొదటిసారి అని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఒకటే గది, ముందు వంటకు చిన్న చావడి. సునీతకు పంతొమ్మిదేళ్ళు. భిలాయిలోనే పుట్టింది. తెలుగు మాట్లాడుతూనే మధ్యలో హిందీలోకి జారిపోతుంది. ఇంకా ఎవరూ వచ్చి తీసుకుపోని లాప్‌టాప్‌ను పాత చున్నీలో చుట్టి ట్రంకు పెట్టె మీద పెట్టుకుంది. తెరిచి చూశాను. మీటల మీద చెమట మరక కూడా లేకుండా తుడిచి ఉంది.

పాఠాలు ఎందుకు పూర్తి కావడం లేదని అడిగాను. గొంతు పెంచకుండానే చెప్పింది.

"సాయంత్రం లైట్ పోద్ది ఆంటీ. అందరూ కూలర్లు వేస్తారు కదా, ట్రాన్స్‌ఫార్మర్ పడిపోద్ది. బ్యాటరీ చాలీస్ మినిట్, నలభై నిమిషాలు వస్తది, అంతే. బంద్. పాఠం ఆధాలో, సగంలో ఆగితే అది లెక్కలోకి రాదు. ఫిర్ సే మొదటి నుంచి చెయ్యాలి."

రాష్ట్రంలో కరెంటుకు కొదవ లేదని గోడల మీద రాసుకుంటున్న రోజులు అవి. పైన ఎంత ఉంటే మాత్రం ఏం లాభం, సందు మొదట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మరు మోయలేనప్పుడు! తెల్లవారుజామున చేసుకోవచ్చు కదా అన్నాను, తెలిసీ తెలియక. ఆ వేళకు వీధి కుళాయికి నీళ్ళొస్తాయట, తల్లి పనికి పోతుంది, తండ్రికి మొదటి షిఫ్టు. బిందెలు మోసేది ఈ పిల్లే. పగలు కేంద్రం, మధ్యాహ్నం ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే పని. అయినా వీలు దొరికిన తెల్లవారుజాముల్లో పదకొండు పాఠాలు పూర్తి చేసింది. కంప్యూటరు లెక్కలో ఉన్నవి ఆ పదకొండే.

ఆ తర్వాత గోడ మీది చర్చి క్యాలెండరు చూపించింది. ప్రతి తేదీ గడిలో పెన్సిలుతో సన్నగా రాసుకుంది. ఎన్నింటికి మొదలుపెట్టింది, ఎన్నింటికి కరెంటు పోయింది, బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలబడింది, పాఠం ఎంతవరకు వచ్చి ఆగిపోయింది. ఒక్క రోజు కూడా వదల్లేదు. కొన్ని రోజులు రెండేసిసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ పోగొట్టుకుంది. నా శాఖలో జీతాలు తీసుకునే ఇంజనీర్లు అంత శుభ్రంగా రికార్డు రాయగా నేను చూడలేదు. ఇది కేంద్రంవాళ్ళకు చూపించావా అని అడిగాను. చూపించిందట. సాకులు రాసుకోవడానికి తీరిక ఉంది గానీ చదువుకోవడానికి లేదా అన్నారట.

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండింది. ఎదురుగా ఉన్న రికార్డు చదవడం రాని పెద్దమనుషుల మీద, 'వరకు' అని రాసి అమ్మిన దుకాణం మీద, అందరికంటే ఎక్కువ నా మీద. "మిషన్‌ని ఆరు రోజులు చూసారంట కదా ఆంటీ, ప్రభాకర్ సార్ చెప్పారు" అంది సునీత. కోపంగా కూడా అనలేదు, ఏదో తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నన్ను ఒక్క దిన్ కూడా చూడలేదు."

మర్నాడే తిరస్కరణ మెమో రాశాను. నేను అంగీకరించిన సరుకును నేనే తిరస్కరించడం నా సర్వీసులో మొదటిసారి. రామలింగం గారు దాన్ని చేత్తో పక్కకు నెట్టారు. సంతకాలయిపోయాక సరుకు వెనక్కి పోదని మీకు తెలియదా అన్నారు. అంతటితో ఊరుకోలేదు. దానమిచ్చిన ఆవుకు పళ్ళెంచినట్టుంది వీళ్ళ వ్యవహారం, ఉత్తినే వచ్చిన దానికి బ్యాటరీ కూడా మంచిది కావాలా అన్నారు. మిగతా పిల్లలు చేసుకోవడం లేదా అన్నారు. కేంద్రం రిజిస్టరు నేను చూసే వెళ్ళాను. బాగా చేసిన పిల్లలందరూ టౌన్‌షిప్ ఔట్‌హౌసుల్లోనో, వైశాలి నగర్లో ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలోనో ఉంటున్నవాళ్ళు. వెనకబడ్డ ఆరుగురూ ఖుర్సీపార్ సందులవాళ్ళు, వాళ్ళలో ముందుగా కొట్టేసింది సునీత పేరు. ఈ మాట చెబితే, ఆడలేక మద్దెల ఓడంటారు మేడమ్, ఈ పిల్లలు అంతే అన్నారాయన.

"అయితే మద్దెల మనమే వాయించి చూద్దాం రండి సార్" అన్నాను. "సాయంత్రం ఏడింటికి, ఆ పిల్ల ఇంట్లో. మీరు రాకపోతే ఈ మెమో సర్వసభ్య సమావేశంలో నేనే చదువుతాను."

డిప్యూటీ జనరల్ మేనేజరుతో అలా మాట్లాడిన మనిషిని కాను నేను. ఆయనా ఆ సంగతి ఎరుగుదురు కాబట్టే వచ్చారనుకుంటాను. ప్రభాకర్ కూడా వచ్చాడు.

రత్నం చాప పరిచింది. "కూకోండి బాబూ, ఏటీ అనుకోకండి, కుర్సీలు నేవు" అంది. పక్కిళ్ళ పిల్లల లాప్‌టాప్‌లు రెండు అడిగి తెచ్చాం. మూడూ నిండా ఛార్జి ఎక్కి ఉన్నవే. ముగ్గురం ఒక్కొక్కటి ముందు పెట్టుకుని, అదే పాఠం, ఒకేసారి మొదలుపెట్టాం. పది నిమిషాలు కాలేదు, పంకా ఆగిపోయింది. సందంతా ఒక్కసారి 'ఓ' అని అరిచి ఊరుకుంది. రత్నం కిరసనాయిలు దీపం తెచ్చి మధ్యలో పెట్టింది. రామలింగం గారు ఒంటి వేలితో టైపు చేస్తున్నారు. చెమట ముక్కు చివర్నుంచి మీటల మీద పడుతోంది. ఆయన దాన్ని తుడవబోతే, "జోర్‌గా తుడవకండి అంకుల్, మీటలు ఊడిపోతాయి" అంది సునీత భయంగా. ఆ భయం లాప్‌టాప్ గురించే. అది పాడైతే మళ్ళీ తననే అంటారని.

ముందు నా తెర ఆరిపోయింది. తర్వాత ప్రభాకర్‌ది. రామలింగం గారిది ఇంకా ఎనిమిది నిమిషాల పాఠం ఉందనగా ఆరిపోయింది. ఆయన మీట నొక్కారు. మళ్ళీ నొక్కారు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు.

"లైట్ వచ్చాక ఫిర్ సే అంకుల్. ఒకటో లైన్ నుంచి" అంది సునీత.

రామలింగం గారు చాప మీంచి లేచారు. క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, దీపం తెప్పించుకుని, ఏప్రిల్ నుంచి ఒక్కొక్క గడీ చదివారు. ఆయన మంచివాడు కాదని నేననను. ముప్పై ఏళ్ళుగా కరెంటు పోని ఇంట్లో ఉన్నవాడు, నాలాగే.

ఇంతటితో కథ సుఖాంతమైతే బాగుండేది. దుకాణదారు దగ్గర అదే మోడల్‌కు సరిపోయే పెద్ద బ్యాటరీలు ఉన్నాయి. ఎంత సులువో చూడండి, మార్చిలో అడిగి ఉంటే అప్పుడే ఇచ్చేవాడు. ఇరవై తెప్పించి బిగించారు. గంట పాఠాన్ని ప్రభాకర్ నాలుగు ముక్కలు చేశాడు, ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచే మళ్ళీ మొదలయ్యేలా. పేర్లు కొట్టేయడం మానేశారు. కానీ సునీత సీటు అప్పటికే వేరే పిల్లకు ఇచ్చారు, పరీక్షకు పేర్ల జాబితా రాయ్‌పూర్ వెళ్ళిపోయింది. మార్చడానికి వీల్లేదని ఆ ఆఫీసువాళ్ళు తేల్చి చెప్పారు. నేను రెండుసార్లు వెళ్ళి బతిమాలాను, ఒకసారి పోట్లాడాను. లాభం లేకపోయింది. ఆ జూన్‌లో సునీత పరీక్ష రాయలేదు. కార్తీకంలో రెండో జట్టుతో రాసి నెగ్గింది, రాయ్‌పూర్‌లో చేరింది. మొదటి జట్టుతో చేరినవాళ్ళు అప్పటికి ఆమె కంటే సీనియర్లు. ఆ వెనకబాటు ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఉంటుంది. ఉద్యోగం చేసినవాళ్ళకు దాని విలువ నేను చెప్పనక్కర్లేదు.

ఆఖరున సంఘం మినిట్స్ రాసింది. మినిట్స్ అంటే సమావేశంలో ఏం జరిగిందో అందరూ సంతకాలు పెట్టే చిట్టా. అందులో సునీత విషయం ఒక్క వాక్యం: 'సాంకేతిక కారణాల వలన ఒక విద్యార్థిని మొదటి పరీక్షకు హాజరు కాలేకపోయినది.' చదివి నాకు చిర్రెత్తుకొచ్చింది. ఏ కారణాలు? ఎవరి కారణాలు? హాజరు కాలేకపోయినదట! రాబోతున్న పిల్లను గుమ్మంలోంచి తోసేసింది మేం. వాక్యం మార్చమన్నాను. పోనిద్దురూ, బ్యాటరీలు మార్చాం కదా, ఇంకా ఎందుకు పెద్దది చేస్తారు అన్నారు. సంఘం పరువు అన్నారు. నా పదవీ విరమణ దగ్గర పడింది, ఎందుకొచ్చిన గొడవ అని కూడా ఒకాయన హితవు చెప్పారు.

నేను కలం తీసి ఆ వాక్యం కిందే రాశాను: 'ఈ పరికరాలను పరీక్షించినదానిని నేను. వాడే చోట పరీక్షించలేదు. చూడకుండా రెండోసారి కూడా బాగున్నవని రాసి ఇచ్చాను. తప్పు నాది, విద్యార్థినిది కాదు.' హోదా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. పేజీ పాడుచేశారని కార్యదర్శి గొణిగాడు. కొత్తగా రాసి తెస్తాం, సంతకం పెట్టండి అన్నారు. పెట్టనన్నాను. ఆ పేజీ జిరాక్సు తీయించి ఖుర్సీపార్ వెళ్ళి సునీత చేతికిచ్చాను. రేపు ఎక్కడైనా నీ చదువు సంగతి అడిగితే ఇది చూపించమన్నాను. ఆమె తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, తన హిందీ కలిసిన తెలుగులో తల్లికి చెప్పింది. రత్నం కాగితం తీసుకుని ట్రంకు పెట్టెలో రేషను కార్డు పక్కన పెట్టింది.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన ఏడాదిలో నేను తనిఖీ పద్ధతులేమీ మార్చలేదు. మార్చవలసినవి లేవు. సూత్రాలు ముందు నుంచీ సరిగ్గానే ఉన్నాయి. సంతకానికి అర్థమే నేను తప్పుగా అనుకున్నాను. సరుకు బాగుందని చెప్పడానికే సంతకం అనుకున్నాను. అందుకు కాదు. ఆ సరుకు చెడితే అడగవలసిన మనిషి ఎవరో తెలియడానికి.